సన్నాయి ఊపిరి తీసుకునేంతసేపు

నీరు ఇంకా వెనక్కి పోతూనే ఉంది, అజెనోర్ దాని వెంట నడుస్తూనే ఉంది, మామూలు రోజుల్లో పడవలు తిరిగే చోట, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లతో, చేతిలో బుట్టతో, ఒక్కో అడుగూ ఆనించి చూసుకుంటూ. ఇంత పెద్ద ఆటు మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తుందో, అప్పటికి నేనుండను, నువ్వు మాత్రం వదులుకోకు అని సముద్రపు నాచుల గురించి నేర్పే మదామ్ కెర్వెళ్ళ చెప్పింది. మార్చి నెల ఎండ, వేడి లేని ఎండ, తడి బండల మీద పడి కళ్ళలోకి కొడుతోంది. అంతా బాగానే ఉంది, గాలి ఒక్కటే బాగా లేదు. ఒడ్డు మీది నుంచి వస్తోంది. అటు నుంచి కాకుండా సముద్రం మీది నుంచి వీచి ఉంటే ఏమీ వినపడేది కాదు, ఈ ఒక్క పూటా ఏమీ వినకుండా గడిచిపోయేది. వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది, చూసింది. కొండకొమ్ము మీద బూడిదరంగు రాతి చర్చి, దాని గోడ పక్కన నిలబెట్టిన కార్లు. లోపల పెళ్ళి జరుగుతూ ఉంటుంది. కతెల్ లోపలికి వెళ్ళదు, గోడ చాటున నిలబడి సన్నాయి పీకను పెదాల మధ్య పెట్టుకుని నానబెడుతూ ఉంటుంది, పీక నానినంతసేపూ మాట్లాడదు, రోజు మొత్తంలో కతెల్ మాట్లాడని సమయం అదొక్కటే. ఆ కాసేపూ పక్కన అజెనోర్ నిలబడి తిత్తిలోకి గాలి ఊదుతూ ఉండేది, ఎడమ చంక కింద తోలుసంచి నెమ్మదిగా బిగుసుకుంటూ, నిద్ర లేస్తున్న పిల్లలా కదులుతూ. ఇవాళ ఆ చోట ఎవరూ ఉండరు.

సన్నాయి, తిత్తి, ఈ రెండూ కలిస్తేనే జోడు. ఊరేగింపుల్లోనూ నాట్యాల్లోనూ ఇద్దరూ కలిసి ఒక వరస ఎత్తుకుంటారు, రెండోసారి అదే వరసను తిత్తి ఒక్కటే వాయిస్తుంది, సన్నాయి ఆగి ఊపిరి తీసుకుంటుంది. సన్నాయి పట్టుకున్నవాళ్ళకు ఆ కాస్త విరామం లేకపోతే బతుకు లేదు, ఆ పీకలోకి గాలి నెట్టడమంటే మూసిన తలుపును పెదాలతో తోసినట్టుంటుంది, నరాలు పొంగుతాయి, నోరు మొద్దుబారుతుంది. పాట ఆగకుండా మోసేది తిత్తి. అజెనోర్ ముప్ఫై ఏళ్ళ పాటు మోసింది. బరువని ఎప్పుడూ అనిపించలేదు, ఈ మధ్య వరకూ అనిపించలేదు, ఇప్పుడైనా బరువు అనేది సరైన మాటేనా అని ఆమెకు సందేహం. నాచు పట్టిన బండ మీద కాలు జారింది, చేత్తో ఆపుకుంది, అరచేయి గీరుకుపోయింది, ఉప్పునీళ్ళు తగిలి చురుక్కుమంది. బరువు కాదు. చంక కింద ఎప్పుడూ ఏదో ఒకటి ఉండటం. అంతే.

ఊళ్ళో ఎవరూ వాళ్ళ పేర్లు విడివిడిగా పలకరు. కతెల్-అజెనోర్ వస్తున్నారా అంటారు, కతెల్-అజెనోర్‌ని పిలిచామంటారు, అందులో రెండో పేరు మొదటి దానికి తోకలా అతుక్కుని ఉంటుంది. చిన్నప్పుడు బడిలో అజెనోర్‌కు నత్తి. మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చునేది, పిల్లలు నోళ్ళు తెరిచి ఆమె పెదాల వైపు చూస్తూ ఉండేవాళ్ళు, నవ్వడానికి సిద్ధంగా. పక్క బెంచీలోంచి కతెల్ లేచి, దానికి నీళ్ళు కావాలి టీచర్, అనేది, దానికి లెక్క అర్థం కాలేదు టీచర్, అనేది, ఒక్కోసారి అజెనోర్‌కు కావలసింది అది కాకపోయినా సరే ఊరుకునేది, తలాడించేది, ఎవరో ఒకరు మాట పూర్తి చేశారు కదా. తర్వాత చర్చి వెనక హాల్లో ఒక ముసలాయన పిల్లలకు వాయిద్యాలు నేర్పుతున్నాడని తెలిసి కతెల్ ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. నేను సన్నాయి, ఇది తిత్తి, అని తనే చెప్పేసింది. బయటికొచ్చాక అంది, "ఇందులో నువ్వు మాట్లాడక్కర్లేదే. గాలి నింపు, వేళ్ళు కదుపు. మాటలన్నీ నేను చూసుకుంటా." ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు అజెనోర్‌కు ఎంత తేలికగా అనిపించిందో! ఈ లోకంలో తను మాట్లాడాల్సిన మాటలన్నీ ఇంకొకరికి అప్పజెప్పేసినంత తేలిక. పద్నాలుగేళ్ళ పిల్లకు అది వరమే. నలభై దాటినా అలాగే ఉంటే అదేమిటో మరి.

నీళ్ళు బాగా పలచబడ్డాయి, ఇసుకలో చిన్న చిన్న కాలవలు తీసుకుంటూ జారిపోతున్నాయి. గొర్రె బండ ఇంకా ముందుంది. మామూలు ఆటుల్లో దాని వీపు మాత్రమే పైకి కనబడుతుంది, ఇవాళ పొట్ట కూడా కనబడుతోంది, నల్లగా, గవ్వలు పట్టి. జోబిగ్ ఆ బండను చూపించి నవ్వించేవాడు, మా గొర్రె స్నానానికి దిగింది చూడండి అని. జోబిగ్ కతెల్ మొగుడు, చేపల పడవ మీద పనిచేసేవాడు, ఒక చలికాలంలో పడవ వెళ్ళింది, రాలేదు. మనిషీ దొరకలేదు, చెక్క ముక్కా దొరకలేదు. పూడ్చడానికి ఏమీ లేక చర్చి గోడకు పేరు చెక్కిన పలక ఒకటి బిగించారు. కతెల్ ఆ వారమే ఇంట్లో సముద్రం వైపు కిటికీలన్నింటికీ చెక్కలు కొట్టించింది, అప్పట్నుంచీ ఒడ్డుకు దిగలేదు, చేప వండలేదు, సంతకు వెళ్ళాలన్నా చుట్టు తిరిగి లోపలి దారిలోనే వెళ్తుంది. ఆ రోజుల్లో అజెనోర్ తెల్లవారుతూనే వెళ్ళి ఆమె మేకలకు పాలు పిండేది, చీజ్ గుడ్డలు ఉతికేది, నల్లగోధుమ అట్లు వేసి పళ్ళెం ఎదురుగా పెట్టి కూర్చునేది, ఏమీ మాట్లాడేది కాదు, మాట్లాడటం రాకపోవడం ఒక్కసారైనా ఒకరికి పనికొచ్చింది. ఒక ఏడాది దాకా సన్నాయి పెట్టెలోంచి బయటికి రాలేదు. ఒకరోజు కతెల్ ఉన్నట్టుండి, తిత్తి తెచ్చావా, అంది. తేలేదు. పరిగెత్తుకుంటూ వెళ్ళి తెచ్చింది. అజెనోరే లేకపోతే కతెల్ ఏమైపోయేదో అని ఊరంతా అన్నారు. ఆ మాట మెచ్చుకోలులా వచ్చి భుజాన కూర్చుంది, తర్వాత దిగలేదు.

అంతకు ముందు సంగతీ మర్చిపోకూడదు. అజెనోర్ మొగుడు దెనీ, నాంత్ నగరంలో ఇంకొకామెను చూసుకుని వెళ్ళిపోయినప్పుడు కతెల్ ఒక మేకను తాడు కట్టి తోలుకొచ్చింది, పెరట్లో కట్టేసింది. ఇదెందుకని సైగ చేస్తే, "పొద్దున్నే లేవడానికి ఏదో ఒక కారణం ఉండొద్దూ? ఇది అరుస్తుంది. నువ్వు లేవకపోతే ఇంకా అరుస్తుంది. వాడికంటే నయం, పాలిస్తుంది" అంది. అజెనోర్ ఏడుస్తూ నవ్వింది. అలాంటి మనిషి. అలాంటి మనిషికి ఇవాళ, అదీ జోబిగ్ తమ్ముడి కూతురు రివానోన్ పెళ్ళినాడు... ఆ ఆలోచన పూర్తి కాకుండానే కాలి కింద ఏదో మెత్తగా తగిలింది, వంగి చూసింది, ఆకుపచ్చ నాచు, మామూలుదే, సలాడ్ ఆకులా ఉంటుంది. వదిలేసింది.

ఇది ఎలా మొదలైందంటే, చెప్పుకోవడానికి కూడా ఏమంత లేదు. అజెనోర్ బడి వంటింట్లో పని చేస్తుంది. ఒక అక్టోబరులో పిల్లల్ని ఒడ్డుకు తీసుకెళ్తూ పెద్దవాళ్ళు ఒకరు తక్కువయ్యారని ఆమెనూ రమ్మన్నారు. సముద్రపు మొక్కల మీద జీవితమంతా పని చేసి రిటైరైన మదామ్ కెర్వెళ్ళ పిల్లలకు చూపిస్తోంది. చేతిలో ఎర్రటి ముద్ద, తుమ్మి పారేసిన రుమాలులా ఉంది, పిల్లలు ఛీ అన్నారు. ఆవిడ దాన్ని తెల్లటి పళ్ళెంలోని నీళ్ళలో వేసింది. అది విచ్చుకుంది. తొందరేమీ లేకుండా, ఒక్కో కొమ్మా, కొమ్మలో కొమ్మా, వెంట్రుక కన్నా సన్నటి చివర్లు ఒకదాన్నుంచి ఒకటి విడివడుతూ, పళ్ళెం నిండా పరుచుకుంది. పిల్లలు పీతల వెంట పడ్డారు. అజెనోర్ అక్కడే నిలబడిపోయింది. గొంతులో మాట అడ్డం పడినప్పుడు ఆమెకు తెలిసిన బాధ అదే, లోపల అంతా ఉంటుంది, బయటికి ముద్దగా వస్తుంది. నీళ్ళు ఉంటే చాలన్నమాట. మదామ్ కెర్వెళ్ళ, ఇంకోటి చూస్తారా, అని అడిగింది. చూ, చూ, అంటూ ఆగిపోయింది అజెనోర్. ఆవిడ ఆ మాట పూర్తి చేయలేదు. అలాగే, చేతిలో పళ్ళెం పట్టుకుని, ఏ తొందరా లేని ముఖంతో నిలబడింది. ఆ చూస్తాను అనే మాట బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో! వచ్చింది. తనే పూర్తి చేసుకున్న మాట. ఆ తర్వాత వారం వారం వెళ్ళింది. నాచుల పేర్లన్నీ లాటిన్‌లో ఉంటాయి, విచిత్రం, ఆ పొడుగాటి పేర్లు చెప్పేటప్పుడు నత్తి రాదు, బహుశా ఆ భాషలో ఆమెను చూసి ఎవరూ నవ్వలేదు కాబట్టి.

కతెల్‌కు చెప్పలేదు. చెప్పకూడదని కాదు, ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక. నిన్ను మింగిన నీళ్ళలోకే నేను సంతోషంగా దిగుతున్నాను అని ఎవరైనా ఎలా చెప్తారు. నిన్ను కాదు, నీవాణ్ణి, అదీ ఒకటే. చలికాలం అంతా బూట్లు కడుక్కుని, బట్టలు మార్చుకుని వెళ్ళేది. ఒకరోజు కడగడం మర్చిపోయింది. కొట్టంలో కూర్చుని ఇద్దరూ పాలు పిండుతుంటే ముసలి మేక వచ్చి అజెనోర్ బూట్లు నాకడం మొదలుపెట్టింది, ఆశగా, కళ్ళు మూసుకుని, తోలేసినా మళ్ళీ వచ్చి. కతెల్ చేతులు ఆగాయి. బకెట్లో పాలధార చప్పుడు ఒకవైపు నుంచే వినపడసాగింది.

"ఉప్పు," అంది కతెల్. "దానికి ఉప్పంటే ప్రాణం."

అజెనోర్ నోరు తెరిచింది. న, న, నాచు అనబోయింది.

"నడకకి వెళ్తున్నావు. ఒడ్డుకి. మంచిదే, నడక మంచిదే." కతెల్ మాట పూర్తి చేసేసింది, ఎప్పటిలాగే, ఈసారి తెలిసే తప్పుగా పూర్తి చేసింది, అజెనోర్‌కు అది అర్థమైంది. తర్వాత మేకను మెడ పట్టి అవతలికి లాగి, చాలా మామూలుగా, "ఆ బూట్లు మాత్రం ఇక్కడికి వేసుకురాకే" అంది. అంతే. మళ్ళీ పాలు పిండసాగింది. ఇంకేదైనా అని ఉంటే బాగుండేది.

గొర్రె బండ దగ్గరికొచ్చేసింది. దాని నీడలో చలి వేరేగా ఉంది, నేలమాళిగలోకి దిగినట్టు. సరిగ్గా అప్పుడే వినపడింది. ముందు గంటలు, తర్వాత గంటల మధ్యలోంచి సన్నాయి, గాలి మీద ఎక్కి, మధ్యలో ఉన్న ఇసుకంతా దాటుకుని, సూదిలా. పెళ్ళికూతురు గుమ్మం దాటేటప్పటి పాట. అజెనోర్ వేళ్ళు బుట్ట పిడి మీద కదిలాయి, వాటికి ఎవరూ చెప్పలేదు. ఎడమ మోచేయి పక్కటెముకల మీద ఒత్తుకుంది. మొదటి వరస అయిపోయింది. ఇప్పుడు సన్నాయి ఆగాలి. ఆగలేదు. ఊపిరి పీల్చిన చప్పుడు ఇంత దూరం వినపడదు, కానీ ఆ పీల్పు ఎక్కడ ఉండాలో ఆమె ఒంటికి తెలుసు, అక్కడ చిన్న తెంపు, అంతలోనే మళ్ళీ పాట, రెండోసారి కూడా కతెలే. మోసేవాళ్ళు లేరు. తనే మోసుకుంటోంది, తనే వాయించుకుంటోంది.

ఫిబ్రవరిలోనే చెప్పింది అజెనోర్. చాలా రోజులు కూడబలుక్కుని వెళ్ళి, పెళ్ళినాడు పెద్ద ఆటు ఉందనీ, అప్పుడు మాత్రమే బయటపడే చోట ఒక అరుదైన నాచు కోసం వెతకాలనీ, ఊరేగింపుకు రాలేననీ, సాయంత్రం నాట్యానికి వచ్చేస్తాననీ ముక్కలు ముక్కలుగా చెప్పింది. కతెల్ చీజ్ గుడ్డలు పిండుతూ విని, వేరే ఎవరినైనా తిత్తికి పిలవమంటావా అని తనే అడిగి, వద్దులే, పిలవను, కొత్తవాళ్ళతో నాకు ఊపిరి కుదరదు అని తనే జవాబు చెప్పుకుంది. ఆ ఊరేగింపు ఎంతసేపని, నేనొక్కదాన్నే లాగేస్తా అంది. నవ్వింది కూడా. కోపగించుకుని ఉంటే అజెనోర్ వెనక్కి తగ్గేదేమో, లేదా కోపంతో ఎదురు తిరిగేదేమో, రెండిట్లో ఏదైనా ఇంతకంటే మేలు. ఇంకో సంగతి మాత్రం అప్పుడూ చెప్పలేకపోయింది. మే నెల నుంచి సెప్టెంబరు దాకా దూరంగా ఒక ద్వీపంలో ఉండి నాచులు సేకరించే పనికి మదామ్ కెర్వెళ్ళ ఆమెను రమ్మంది. పెళ్ళిళ్ళ కాలం మొత్తం. వెళ్తానని చెప్పలేదు, వెళ్ళనని కూడా చెప్పలేదు, ఆ మాట ఇంకా గొంతులోనే ఉంది.

సన్నాయి మూడో పాటలోకి వెళ్ళింది. ఇప్పుడు దారి దిగుతుంటారు, కొండకొమ్ము మలుపు దగ్గరికి వస్తుంటారు. ఆ దారిలో కతెల్ ఎప్పుడూ లోపలి వైపు నడుస్తుంది, సముద్రం వైపు అజెనోర్ నడుస్తుంది, తన ఒంటితో ఆ నీళ్ళను కొంచెం కప్పుతూ. ఇవాళ ఎలా నడుస్తోందో. పాట వణికింది. ఒక స్వరం పగిలింది, గాలి మాత్రమే వచ్చింది, మళ్ళీ దొరికింది. ఇక చాలు, ఆపేయవే, అనుకుంది అజెనోర్, ఎవరేమంటారు, ఆపేసి నడువు. ఆపలేదు. పరిగెత్తితే? ఇసుక మీద, బండల మీద, ఈ బూట్లతో, ఎంత పరిగెత్తినా ఊరేగింపు విందు హాలుకు చేరిపోతుంది. అయినా పరిగెత్తాలి. నిజంగా స్నేహమున్నవాళ్ళు చేరతామా లేదా అని లెక్క వేయరు, పరిగెడతారు. ఆమె ఒడ్డు వైపు తిరిగింది. కొన్ని అడుగులు వేసింది కూడా. బండ అంచు పట్టుకుని మలుపు తిరుగుతుండగా దాని పొట్ట కింద, వెలుతురు సరిగా పడని చీలికలో, నీళ్ళలో ఏదో ఎర్రగా ఊగింది.

వంగింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుంది. తర్వాత బోర్లా పడుకుంది, చెంప నీళ్ళకు ఆనేంతగా. అదేనా? మదామ్ కెర్వెళ్ళ వయసులో ఉన్నప్పుడు ఒకే ఒక్కసారి ఇక్కడ చూసింది, తర్వాత ఎవరూ చూడలేదు, ఇక ఈ తీరంలో లేదని అందరూ అనుకున్నారు. గులాబీ రేకు కంటే పలచన, అంచున నిప్పు రగులుకుంటున్నట్టు ఒక గీత, దువ్వెన పళ్ళలా ఒకే వైపుకు కొమ్మలు. అలా చీకట్లో, ఎవరూ చూడకపోయినా, ఇన్నేళ్ళూ ఇక్కడే ఊగుతూ ఉంది. ఊపిరి బిగబట్టింది, తన ఊపిరికి నీళ్ళు కదులుతాయని. వేళ్ళు నీళ్ళలోకి పోనిచ్చి ఒక కొమ్మ కింద అరచేయి పెట్టింది, గీరుకుపోయిన అరచేయే, ఉప్పు మండుతున్నట్టు కూడా తెలియలేదు. పేరు పైకి పలికింది. పొడుగాటి పేరు, ఒక్క చోట కూడా ఆగకుండా వచ్చింది. మళ్ళీ పలికింది. బండ కింద ఆ మాట గుండ్రంగా తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది, ఒంటరిగా ఉన్నప్పుడు తన గొంతు ఇలా ఉంటుందా అనుకుంది, నవ్వొచ్చింది, చిన్నపిల్లలా పడుకుని నీళ్ళలోకి చూస్తూ నవ్వింది. ఒక కొమ్మ కత్తిరించింది, ఒక్కటే, మొదలు కదలకుండా, సీసాలో నీళ్ళు నింపి అందులో వదిలింది, అది విచ్చుకునే దాకా చూసింది. ఆ పక్కనే ఇంకొక గుత్తి. దాని వెనక ఇంకొకటి. అన్నీ ఉన్నాయి. పోలేదు, ఏదీ పోలేదు.

బూటు అంచు పైన, మోకాలి దగ్గర చల్లగా ఏదో తాకింది. నీరు తిరిగొస్తోంది. లేచి కూర్చుంది. గాలి ఇంకా ఒడ్డు వైపు నుంచే వీస్తోంది. గాలి ఉంది, సముద్రపు కాకుల అరుపులున్నాయి, ఇంకేమీ లేదు. సన్నాయి లేదు. ఎప్పుడు ఆగింది? ఇప్పుడే ఆగిందా, ఎంతసేపటి కిందటో ఆగిందా? చివరగా విన్న స్వరం ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. పగిలిన స్వరం గుర్తుంది, అది దొరకడం గుర్తుంది, ఆ తర్వాత ఏమీ లేదు, ఎర్రటి రంగు ఒక్కటే. కతెల్ వాయించిన ఏ పాటకైనా ముగింపు ఎక్కడుందో తెలియకపోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. వెళ్దామా ఉందామా అని తేల్చుకున్నది కూడా కాదు. తేల్చుకుని ఉంటే ఆ పాపమో పుణ్యమో తనదయ్యేది. ఊరికే మర్చిపోయింది. ఆమె అక్కడ పెదాలు చీల్చుకుని వాయిస్తుంటే, తను ఇక్కడ ఆమె ఉందనే సంగతే మర్చిపోయింది, ఆ మర్చిపోయిన కాసేపూ ఎంత సంతోషంగా ఉంది. బుట్ట ఎత్తుకుంది. నీరు ఇసుక కాలవల్లో ముందే పరుగెడుతోంది, ఆమె నడక దానితో పోటీ.

తిత్తి కారులోనే ఉంది. బట్టలు కూడా ఉన్నాయి, మార్చుకోవాలనిపించలేదు. హాలు బయట పెళ్ళికూతురి తండ్రి ఎర్వాన్ సిగరెట్ కాలుస్తున్నాడు, కోటు గుండీలు విప్పి, కళ్ళు ఎర్రగా. కతెల్ లోపల లేదని, వెనక మెట్ల మీద కూర్చుందని చెప్పాడు. అజెనోర్ కదలబోతుంటే అడ్డుపెట్టినట్టుగా ఇంకో మాట అన్నాడు, ఎవరికీ చెప్పుకోలేక ఆమెకే చెప్పినట్టు.

"మలుపు దగ్గర ఆగిపోయింది మా వదిన. మమ్మల్నందర్నీ ముందుకి పొమ్మంది. సముద్రం వైపు తిరిగి నిలబడి వాయించింది. అన్నయ్య పోయాక ఆవిడ అటు మొహం పెట్టడం నేను చూళ్ళేదు. మేం వెళ్ళిపోయినా వాయిస్తూనే ఉంది."

మెట్ల మీద కతెల్ ఒక రుమాల్లో మంచు ముక్కలు చుట్టి నోటికి అదుముకుని ఉంది. పక్కన గ్లాసులో సైడర్, ఆపిల్ పళ్ళ సారా, ముట్టుకోలేదు. అజెనోర్ కింది మెట్టు మీద కూర్చుంది. లోపల జనం పళ్ళేల చప్పుడు, ఎవరో మైకులో ఏదో చెప్తున్నారు. కతెల్ రుమాలు తీసింది. పై పెదవి ఉబ్బి, మధ్యలో నల్లగా చిట్లి ఉంది.

"బూట్లైనా విప్పలేదే," అంది, మాటలు కొంచెం ముద్దగా. తర్వాత, "దొరికిందా?"

అజెనోర్ తల ఊపింది.

"ఆ ద్వీపానికి ఎప్పుడు వెళ్తున్నావు?" అజెనోర్ తలెత్తింది. కతెల్ ఆమె వైపు చూడకుండా గ్లాసు వైపు చూస్తూ, "ముసలావిడ చీజ్ కోసం వచ్చింది, నెల దాటింది. నాకు తెలుసనుకుని చెప్పేసింది, పాపం. నువ్వే చెప్తావని చూశా" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. "రోజూ అనుకున్నా, ఇవాళ చెప్తుంది, ఇవాళ చెప్తుంది అని. నీ నోట్లో మాట కనపడేది. కానీ భయమేసి నేనే ఇంకేదో అనేసేదాన్ని."

అజెనోర్ చెయ్యి చాపి ఆమె మోకాలి మీద పెట్టింది. కతెల్ ఆ చేతిని చూసింది, గీరుకుపోయిన చోట వేలితో తాకింది, తడి ఇసుక తుడిచింది. అప్పుడు అడిగింది.

"గాలి నీ వైపే ఉంది. వినపడిందా?"

"వి, విన్నాను."

"చివరిదాకా?"

అబద్ధం చెప్పవచ్చు. తలాడిస్తే చాలు, మాట కూడా అక్కర్లేదు. అజెనోర్ నోరు తెరిచింది, మాట ఎప్పటిలాగే గొంతులో అడ్డం తిరిగింది, మొదటి అక్షరం దగ్గరే నాలుక కొట్టుకుంది. కతెల్‌కు ఆ మాట ఏమిటో తెలుసు. ముఖం చూస్తేనే తెలుస్తుంది. అయినా పూర్తి చేయలేదు. రుమాల్లోంచి నీళ్ళు కారుతుంటే ఒడిలో పెట్టుకుని, ఎదురుచూస్తూ కూర్చుంది, ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడనంత ఓపికగా.

"లేదు," అంది అజెనోర్.

"సరే," అంది కతెల్. లేచి లంగా దులుపుకుంది. సన్నాయి తీసి పీకను ఉబ్బిన పెదాల మధ్య జాగ్రత్తగా పెట్టుకుంది, అందుకని ఇక మాట్లాడలేదు.

లోపల బల్లలు గోడకు జరిపారు. జనం చిటికెన వేళ్ళు కలుపుకుని గొలుసు కట్టారు, పెళ్ళికూతురు ముందు, ఆమె పక్కన ఎర్వాన్. అజెనోర్ రబ్బరు బూట్లతోనే చిన్న వేదిక ఎక్కి తిత్తిలోకి గాలి నింపింది, చంక కింద సంచి బిగిసింది. కతెల్ కళ్ళతో సైగ చేసింది, ఇద్దరూ ఒకేసారి ఎత్తుకున్నారు. ఎలా కలిసిందంటే, రెండు వాయిద్యాలని ఎవరూ అనలేరు. పాదాలు నేల మీద ఒకటే చప్పుడు చేశాయి. మొదటి వరస అయింది, కతెల్ సన్నాయి దించింది, అజెనోర్ పాటను అందుకుంది, మోసింది, తిరిగి ఇచ్చే చోటికి తెచ్చింది. కతెల్ ఎత్తుకుంది. మళ్ళీ దించింది. పెదవి మీద చిట్లిన చోట సన్నగా రక్తం. ఈసారి అజెనోర్ ఆ వరసను ఇవ్వకుండా తనే ఇంకోసారి తిప్పింది, ఆమెకు ఇంకాస్త విరామం దొరకాలని. నాట్యం చేసేవాళ్ళకు తేడా తెలియలేదు. తిప్పి, ఇవ్వాల్సిన చోటికి తెచ్చి, కతెల్ వైపు చూసింది. కతెల్ సన్నాయి ఎత్తలేదు. ఇంకోసారి తిప్పింది. ఎత్తలేదు. కతెల్ వెనక్కి నడిచి, వేదిక చివర ఉన్న కుర్చీలో కూర్చుని, సన్నాయిని ఒడిలో అడ్డంగా పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించింది. కోపం లేదు ముఖంలో. ఏడుపూ లేదు. అజెనోర్ ఆగడానికి లేదు, గొలుసు తిరుగుతోంది, పిల్లలూ ముసలివాళ్ళూ చెమటలు కక్కుతూ తిరుగుతున్నారు, ఆపితే అందరూ ఒకరి మీద ఒకరు పడిపోతారు. ఊపిరి పీల్చింది, సంచిలోకి నెట్టింది, వేళ్ళు కదిపింది. పాట ఒక్కటే, తిత్తి ఒక్కటే, హాలంతా అదే. ఎంతసేపు వాయించిందో. కతెల్ తల కొంచెం పక్కకు వాల్చి, కళ్ళు తెరిచే, చివరిదాకా వింది.